బండి చక్రానికి వంకర వాల్వు

మా నంగలిలో పొద్దున అయిదున్నరకు రోడ్డు మీదికి వచ్చి నిలబడితే బండ్ల వరస చూడొచ్చు. పాత నాలుగో నంబరు హైవే మా ఊరి పక్కనుంచే పోతాది. ఇటు పోతే ముళబాగిలు, కోలారు. అటు గడి దాటితే పలమనేరు, చిత్తూరు. మా కాలంలో మిల్లు పనికని బెంగళూరు పోయి లైన్లలో కాపురం పెట్టినాము. ఇప్పటి పిల్లోళ్ళు అట్ల కాదు. ఊర్లోనే ఉండి బండి మీద పనికి పోయి వస్తారు. టమాటా మార్కెట్టుకు కొందరు, కోలారు అంగళ్ళకు కొందరు, నరసాపుర ఫ్యాక్టరీలకు కొందరు. 2013లో హోండా వాళ్ళు నరసాపురలో బండ్లు చేసే ఫ్యాక్టరీ తెరిచినారు. ఆ దిక్కు ఇంకా చానా కంపెనీలు ఉన్నాయి. మా చిన్నోడు అట్లాంటి ఒక కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. పోను రాను రోజుకు నూరు కిలోమీటర్లకు పైనే అవుతాది.

నూరు కిలోమీటర్లూ రెండు టైర్ల మీదే. టైరు నేలకు ఆనుకునే చోటు చూడండి, ఒక్కొక్కటి మన అరచేయి అంత కూడా ఉండదు. ఆ అరచేయిని నిలబెట్టేది లోపలుండే గాలి. గాలి లోపలికి పోయే దోవ వాల్వు. అది బొటనవేలంత ఉంటాది. బొటనవేలంత వస్తువు మీద ఇంత రాస్తాడా ఈ ముసలోడు అని మీరు నవ్వొచ్చు. మా ఇంట్లో ఆ బొటనవేలంత వస్తువు వల్ల ఒక ఎముక విరిగింది, నెలన్నర కూలి పోయింది. అందుకే రాస్తా ఉన్నాను.

సంగతి ఇట్ల మొదలయింది. చిన్నోడు రెండేళ్ళ కింద కొత్త బండి తీసినాడు. ముందర డిస్కు బ్రేకు, వెనక కూడా డిస్కు బ్రేకు, అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. చూసేదానికి బాగానే ఉంది. గాలి పట్టించేకి పోతే తెలిసింది దాని కష్టం. వాల్వు రిమ్ము నడిమధ్యలో నిలువుగా ఇరుసు దిక్కు చూస్తా ఉంటాది. పొట్టిగా ఉంటాది. ఒక పక్క డిస్కు అడ్డం, ఇంకో పక్క చక్రం కమ్ములు అడ్డం. బంకులో ఉండే గాలి పైపు మూతి లారీలకూ కార్లకూ చేసింది, జానెడు పొడుగు. అది నేరుగా వాల్వు మీద కూర్చోవాలంటే దానికి చోటు ఉండదు. బంకు పిల్లోడు ఏం చేస్తాడు? వాల్వును బొటనవేలితో పక్కకు వంచి, పైపు మూతిని ఏటవాలుగా ఆనించి పట్టుకుంటాడు. సగం గాలి లోపలికి, సగం బయటికి. కొన్నిసార్లు ఉన్న గాలి కూడా పోయి, పట్టించక ముందుకన్నా తక్కువ అవుతాది. వెనక నలుగురు హారన్ కొడ్తా ఉంటారు. డిస్కు అప్పుడే ఆగిన బండిదైతే చెయ్యి కాలుతుంది కూడా.

దాంతో మనోడు ఏం చేసినాడు? "రేపు చూద్దాంలే నాయనా" అన్నాడు. రేపు అంటే వారం, వారం అంటే నెల. ఇదే అసలు రోగం. గాలి పట్టించేది కష్టమైతే మనిషి గాలి పట్టించడు. ఎవరినైనా అడిగి చూడండి, బండికి గాలి ఎప్పుడు పట్టించినావని. పంక్చరు అయినప్పుడు అంటారు.

అందుకే నేను ఒక తెలివి చేసినాను. నా తెలివి అని ఎందుకు అంటున్నానంటే తప్పు నాదే కాబట్టి. ఒక అంగట్లో ఎల్ ఆకారంలో వంగిన చిన్న ముక్క దొరికింది. వాల్వు మీద ఉండే మూత తీసి, దాని చోట ఈ ముక్కను తిప్పి బిగిస్తే, వాల్వు మూతి పక్కకు తిరుగుతుంది. గాలి పైపు సులభంగా పడుతుంది. రెండు చక్రాలకు రెండు కొని నేనే బిగించినాను. గాలి పట్టించి చూసినాము, బ్రహ్మాండం. "నాయనా, ఇది ముందే చేయాల్సింది" అన్నాడు వాడు. నాకు గర్వం. పట్టించినాక ఆ ముక్కల్ని తీయలేదు. ఎందుకు తీయాల, మళ్ళీ వారానికి కావాల్నే కదా అనుకున్నాను.

ఇరవై రోజులు బాగానే నడిచింది. ఒక రాత్రి పాళీ ముగించుకుని వస్తా, ముళబాగిలు దాటినాక మలుపులో ముందర చక్రం ఒక్కసారిగా మెత్తబడిందంట. హ్యాండిలు మాట వినలేదంట. బండి జారి పడింది. హెల్మెట్ ఉన్నింది కాబట్టి తల బయటపడింది. భుజం మీది కాలర్ బోన్ విరిగింది. వెనక లారీ ఏదీ రాలేదు. అది మా ఇంటామె మొక్కుల ఫలం అని ఆమె అంటాది, నేను కాదనను.

ఆరు వారాలు చెయ్యి కట్టు. కాంట్రాక్టు పని కాబట్టి రాని దినానికి కూలి లేదు. మన కాలంలో మిల్లులో ఈఎస్ఐ ఆసుపత్రి చీటీ పట్టుకుని పోతే కొంచెం ఆధారం ఉన్నింది. వీళ్ళకు ఆ చీటీ ఇప్పించుకునేదే ఒక పెద్ద పని. ఆ మాట ఇంకోసారి రాస్తాను.

బండిని పంక్చర్ షాపుకు తెచ్చినాము. ఆ భాయ్ నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. టైరును కాదు, నేరుగా వాల్వును చూసినాడు. వాల్వు మొదట్లో, రిమ్ము బెజ్జంలోంచి రబ్బరు బయటికి వచ్చే చోట, ఒక పక్క అంతా చీలిపోయి ఉంది. "ఇది ఎవరు పెట్టినారు పెద్దాయనా?" అని ఆ వంకర ముక్కను చూపించినాడు. నేను అని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. చిన్నోడే "మేమే భాయ్" అన్నాడు. నా పేరు చెప్పలేదు.

భాయ్ చెప్పిందేమంటే, వాల్వు మెడ రబ్బరు. దాని కొన మీద ఇనుప ముక్క ఒకటి పక్కకు వంగి వేలాడ్తా ఉంటే, చక్రం తిరిగినంత సేపూ అది బయటికి, టైరు దిక్కు, విసరబడాలని చూస్తుంది. రాయి కట్టిన తాడును గిరగిరా తిప్పితే తాడు చేతిని ఎట్ల గుంజుతుందో అట్ల. ఆ గుంజుడు రోజుకు నూరు కిలోమీటర్లు రబ్బరు మెడను వంచుతా ఉంటుంది. ముందే బంకులో వంచి వంచి నలిగిన రబ్బరు. ఇంక ఎన్నాళ్ళు ఉంటుంది?

నాకు నమ్మకం కలగలేదు. ఆ ముక్క ఎంత బరువు? ఇరవై గ్రాములు కూడా ఉండదు. ఇంటికి వచ్చి పెద్ద కూతురి బిడ్డను అడిగినాను. అది పదకొండో క్లాసు సైన్సు చదువుతాది. "తాతా, ఇది మా ఫిజిక్స్ పాఠంలోనే ఉంది" అని కాగితం తీసింది. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పోతే సెకనుకు పదహారున్నర మీటర్ల కన్నా జాస్తి. ఇరుసు నుంచి నేలకు 30 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి వాల్వుకు 20 సెంటీమీటర్లు అనుకుంటే, చక్రం సెకనుకు దగ్గర దగ్గర తొమ్మిది చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడులో వాల్వు దగ్గరుండే వస్తువు తన బరువుకు అరవై రెట్లు బరువుతో బయటికి గుంజుతుంది. ఇరవై గ్రాముల ముక్క అప్పుడు ఒక కిలో ఇన్నూరు గ్రాములు. వేగం 80 అయితే రెండు కిలోలు దాటుతుంది. "తాతా, నువ్వు మామ వాల్వుకు కిలో చక్కెర పొట్లం కట్టి పంపించినావు" అనింది. నేను చదివింది నాలుగో క్లాసు. కానీ చక్కెర పొట్లం లెక్క నాకు బాగా అర్థమయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ వంకర ముక్క చెడ్డ వస్తువు కాదు. గాలి పట్టించేటప్పుడు బిగించి, పట్టించినాక తీసి జోబులో వేసుకుంటే అది మంచి పనిముట్టే. దాన్ని చక్రం మీదే వదిలేసింది తప్పు. నా బతుకంతా రబ్బరు, తిరిగే యంత్రాలు వీటి మధ్యనే గడిచింది. నాకు ఆ మాత్రం తోచలేదు చూడండి.

రింగ్ ఫ్రేము మీద పని చేసినోళ్ళకు గుర్తు ఉంటుంది. పై రోలర్ల మీద రబ్బరు కాట్లు ఉంటాయి. దారం సాగేది వాటి పట్టు మీదనే. కొత్తలో మెత్తగా, నున్నగా ఉంటాయి. కొన్నాళ్ళకు గట్టిపడి, గీత పడి, దారం ఎగుడుదిగుడు అవుతుంది. అందుకని కాటు చెడిపోయేదాకా ఎవరూ కాచుకుని కూర్చోరు. దినాల లెక్క పెట్టి తీసి, సాన పట్టి, మళ్ళీ వేస్తారు. అరిగితే కొత్తది. రింగు మీద పరిగెత్తే ట్రావెలర్ కూడా అంతే. గోరంత ఉంటాది, దాన్ని కూడా తేదీ ప్రకారం మారుస్తారు. దారం తెగినాక మార్చేది మంచి ఫిట్టరు పని కాదు అని మా మేస్త్రీ తిట్టేవాడు. ఆ తిట్టు తిన్న నేను, మా ఇంటి బండి రబ్బరు వాల్వు ఎన్నేళ్ళదో ఎప్పుడూ చూడలేదు. రబ్బరుకు ఎండ, వేడి, వంపు మూడూ శత్రువులు. కొత్త టైరు వేసినప్పుడల్లా వాల్వు కూడా కొత్తది వేయాలని టైరు పని తెలిసినోళ్ళందరూ చెప్తారు. మన దగ్గర ఎంతమంది వేయిస్తారు? టైరుకు వేలు పెడతాము, వాల్వు దగ్గర "పాతదే ఉండనీ" అంటాము.

అప్పుడు భాయ్ చూపించినాడు అసలు వంకర వాల్వు. పైన తగిలించే ముక్క కాదు ఇది. వాల్వే వంగి ఉంటుంది. మొదట్లో నట్టుతో రిమ్ముకు గట్టిగా పట్టుకుని ఉంటుంది, బెజ్జంలోంచి బయటికి రాగానే గుర్రపు లాడం సగం మాదిరి తొంభై డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. మూతి మన దిక్కు చూస్తుంది. డిస్కు మధ్యలో చెయ్యి దూర్చేదే లేదు. లోహం కాబట్టి మెడ వంగదు, అందుకని గుంజుడుకు చీలదు. ఇంకొక లాభం కూడా ఉంది. వాల్వు లోపల స్ప్రింగు మీద ఒక పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కితే గాలి దోవ తెరుచుకుంటుంది. నిలువు వాల్వులో చక్రం వేగంగా తిరిగితే ఆ పిన్ను కూడా టైరు దిక్కే, అంటే తెరుచుకునే దిక్కే గుంజబడుతుంది. స్ప్రింగు దాన్ని ఆపుతుంది, అయినా మూత లేకుండా తిరగరాదని పెద్దలు చెప్పేది దీనికే. పక్కకు తిరిగిన వాల్వులో ఆ గుంజుడు పిన్ను దోవకు అడ్డంగా పోతుంది.

ఇది ఏదో కొత్త ఫ్యాషను అనుకున్నాను నేను. కాదంట. పాత స్కూటర్ల పది ఇంచుల ట్యూబులకు ఇత్తడి వాల్వు వంగే ఉండేది, భాయ్ ఒక పాత ట్యూబు తీసి చూపించినాడు. చిన్న చక్రంలో చోటు లేదని అప్పుడే ఎవరో ఆలోచించినారు. గాలి టైరు పుట్టి నూటముప్పై ఏళ్ళు దాటింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసినాడంట. ఇప్పుడు మన బండ్లకు ఉండే పిన్ను వాల్వు అమెరికాలో ష్రాడర్ అనే వాళ్ళ పేరు మీద 1893లో పేటెంటు అయింది. అప్పటి నుంచి దాని మూతి మర ఒకటే లెక్క. అందుకే బండి, కారు, లారీ అన్నిటికీ బంకులో ఒకే పైపు పడుతుంది. నా చిన్నప్పటి సైకిలు వాల్వు వేరే. దానికి సన్న రబ్బరు గొట్టం తొడిగి, ఎంగిలి తడి చేసి దూర్చేవాళ్ళము. ఆ గొట్టం పాడైతే కొత్త ముక్క కొనేదానికి చిల్లర అడిగి మా నాయన దగ్గర దెబ్బలు తిన్న జ్ఞాపకం.

సరే, కొనే విషయానికి వస్తాను. మొదట రిమ్ము బెజ్జం కొలవాలి. మోటారు బండ్ల రిమ్ములకు బెజ్జాలు ముఖ్యంగా రెండు సైజులు వస్తాయి, 8.3 మిల్లీమీటర్లు ఒకటి, 11.3 మిల్లీమీటర్లు ఒకటి. పెద్ద బెజ్జానికి చిన్న వాల్వు వేసి వాషర్లు పేర్చి బిగించేవాళ్ళు ఉన్నారు. ఒప్పుకోవద్దు. పాత వాల్వు పీకినాక వెర్నియర్ పెట్టి చూపించమని అడగండి. రెండోది, ఏ లోహం? ఇత్తడిదో, కోసి చేసిన అల్యూమినియందో తీసుకోండి. పోత పోసిన నాసిరకం ముక్కలు రంగు రంగులుగా మెరుస్తా ఉంటాయి, నట్టు బిగించేటప్పుడే మర నలిగిపోతుంది. నీలం, ఎరుపు, బంగారు రంగు ఏదైనా తీసుకోనీ పిల్లోడు, కానీ చేతిలో పట్టుకుని మర చూసి తీసుకోవాలి. మేము రెండింటికీ కలిపి 350 రూపాయలు ఇచ్చినాము, పని కూలి వేరే. రబ్బరు మొదలుతోనే వచ్చే వంకర వాల్వులు కూడా ఉన్నాయి. అవి చవక, లాగితే టపక్కున కూర్చుంటాయి. కానీ మెడ రబ్బరే కాబట్టి నేను లోహందే మేలు అంటాను.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇది ట్యూబ్‌లెస్ చక్రానికి మాత్రమే. కమ్మీల చక్రం, లోపల ట్యూబు ఉండే బండికి వాల్వు ట్యూబుకే అతుక్కుని ఉంటుంది. దాన్ని మార్చేది కుదరదు. ఆ బండ్లకు ఒకటే పరీక్ష. వాల్వు నిటారుగా ఉందా, పక్కకు వాలిందా చూడండి. వాలింది అంటే గాలి తక్కువై టైరు రిమ్ము మీద జరిగింది, ట్యూబును వాల్వు మొదట్లో గుంజుతా ఉంది అని అర్థం. ఇంకో నాలుగు రోజుల్లో మొదట్లోనే చిరుగుతుంది, అది అతుకు పడదు. గాలి తీసి సరిచేయించుకోవాలి.

వేసేది ఎట్లా అంటే, భాయ్ చక్రం విప్పి, పిన్ను తీసి గాలి వదిలి, టైరు అంచును ఒక పక్క రిమ్ము నుంచి దించినాడు. పాత రబ్బరు వాల్వును కోసి పీకినాడు. బెజ్జం చుట్టూ తెల్లగా బూజు మాదిరి పట్టి ఉంటే ఎమరీ కాగితంతో తుడిచినాడు. అది తుడవకపోతే కొత్త రబ్బరు వాషరు సరిగా కూర్చోదు, సన్నగా గాలి పోతానే ఉంటుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. తర్వాత వాల్వు పెట్టి, మూతి ఏ పక్కకు తిరగాలో చూసుకుని, దాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో నట్టు బిగించినాడు. నేను "ఇంకా బిగించు భాయ్" అన్నాను. "పెద్దాయనా, వాషరు నలిగి బయటికి వస్తే అయిపోయింది పని" అన్నాడు. మిల్లులో కూడా కొత్త కుర్రోళ్ళు స్పానరు దొరికితే బలం చూపిస్తారు. నేను నోరు మూసుకున్నాను.

మూతి దిక్కు గురించి రవంత చెప్పాలి. ముందర చక్రానికి డిస్కు లేని పక్కకు తిప్పినాము. వెనక చక్రానికి ఒక పక్క చైను, ఒక పక్క డిస్కు. చైను నూనె గాలి పైపుకూ చేతికీ అంటుతుందని డిస్కు పక్కకే, కానీ డిస్కుకు లోపలగా ఉండేటట్లు తిప్పినాము. ఆ పక్క నుంచి పైపు పడుతుందా లేదా అని బిగించక ముందే మూత తీసి పెట్టి చూసినాడు. టైరు ఎక్కించినాక చక్రాన్ని బండికి బిగించి, చేత్తో మెల్లగా పది చుట్లు తిప్పినాడు. బ్రేకు క్యాలిపర్‌కు గాని, ఫోర్కుకు గాని వాల్వు తగలకుండా చిటికెన వేలంత సందు ఉండాలి. ఆ పది చుట్లు తిప్పకుండా బండి రోడ్డు మీదికి తీస్తే, తగిలిన మొదటి చుట్టుకే వాల్వు విరుగుతుంది.

లోహం వాల్వు రబ్బరు వాల్వు కన్నా కొన్ని గ్రాములు బరువు. అందుకని చక్రం బిగించక ముందే బ్యాలెన్సు చూసినాడు. మిషను లేదు అతని దగ్గర. ఇరుసు కడ్డీని రెండు స్టాండ్ల మీద పెట్టి చక్రాన్ని ఊరికే వదిలినాడు. బరువు పక్క మెల్లగా కిందికి వచ్చి నిలిచింది. ఎదురు పక్క చిన్న సీసం ముక్క అతికించినాడు. మళ్ళీ వదిలితే ఏ పక్కకూ పోలేదు. చూసేదానికి ఎంత బాగుండిందో. కదురు సరిగా కూర్చున్నప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతుంది చూడండి, అట్ల.

చివర్లో సబ్బు నీళ్ళు. వాల్వు మొదట్లో, మూతి మీద, టైరు అంచు చుట్టూ పోసి చూడాలి. బుడగ వస్తే గాలి పోతా ఉంది. మూతి నుంచే బుడగ వస్తే భయం లేదు, లోపలి పిన్ను వదులయిందో, దుమ్ము పట్టిందో. పిన్ను కొత్తది వేసేకి టైరు విప్పే పని లేదు, చిన్న తాళం మాదిరి సాధనంతో నిమిషంలో మారుస్తారు, ఖర్చు కొన్ని రూపాయలే. మొదట్లోంచి బుడగ వస్తే మాత్రం వాల్వే మార్చాలి. మూత ఎప్పుడూ పోగొట్టుకోవద్దు. దుమ్ము లోపలికి పోకుండా కాపాడేది అదే. అల్యూమినియం వాల్వుకు ప్లాస్టిక్ మూతే వేయండి. లోహం మూత వానకు తుప్పు పట్టి అతుక్కుపోతే, దాన్ని పట్టకారుతో తిప్పబోయి వాల్వునే తిప్పేస్తాము.

ఇంత చెప్పి, ఎంత గాలి పట్టించాలో చెప్పకుంటే సగమే అవుతుంది. బండి చైను కవరు మీదనో, వెనక చక్రం పట్టుకునే కడ్డీ మీదనో ఒక స్టికరు ఉంటుంది. ముందర ఎంత, వెనక ఎంత, ఇద్దరు కూర్చుంటే ఎంత అని రాసి ఉంటుంది. మావాడి బండికి ముందర 25, వెనక ఒక్కడికి 29, ఇద్దరికి 33. బంకులో "ముప్పై కొట్టు" అని రెండింటికీ ఒకే లెక్క చెప్పేది అలవాటు మనకు. అది మానండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, చూడాలి. యాభై కిలోమీటర్లు తిరిగి వచ్చిన టైరు వేడికి లెక్క జాస్తి చూపిస్తుంది. ఇంకో విషయం, పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలని ఆయిల్ కంపెనీల నియమాలే చెప్తాయి. పెట్రోలు పోయించుకోకపోయినా అడగొచ్చు. పట్టించిన పిల్లోడికి మీ ఇష్టం కొద్దీ రెండు రూపాయలు ఇస్తే అది వేరే సంగతి.

చిన్నోడి చెయ్యి బాగయి మళ్ళీ పనికి పోతా ఉన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటానే బండి దగ్గరికి పోతాడు. వాకిట్లోనే కాలితో తొక్కే పంపు పెట్టుకున్నాము. దానికి గడియారం మాదిరి మీటరు ఉంటుంది.

కానీ నేను ఇది రాసేదానికి అసలు కారణం మా కోడలు. ఆమె స్కూటరు మీద బిడ్డను ఇస్కూలుకు తీసుకుపోతుంది. పది ఇంచుల చిన్న చక్రాలు. వెనక చక్రం ఒక పక్క ఇంజను, ఇంకో పక్క సైలెన్సరు, వాల్వు ఎక్కడో లోపల. గాలి కోసం బంకుకు పోతే మగపిల్లోళ్ళ మధ్య నిలబడి వంగి ఇది చూపించేకి ఆమెకు ఇష్టం లేదు. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. చిన్నోడి బండి అయినాక ఒక రోజు మెల్లగా అడిగింది, "మామా, నా బండికి కూడా అట్ల వేస్తారా?" అని. నాకు అప్పుడు తెలిసింది, ఆ స్కూటరుకు గాలి చూసి నాలుగు నెలలయిందని. మీటరు పెట్టి చూస్తే వెనక చక్రంలో 14 ఉంది, ఉండాల్సింది 29. ఆ చక్రం మీద నా మనవడు రోజూ పోయి వస్తా ఉన్నాడు.

అదే వారం భాయ్ దగ్గర వేయించినాము. స్కూటరుకు మాత్రం దిక్కు కుదిరేదానికి రెండు సార్లు విప్పి బిగించాల్సి వచ్చింది, మొదటిసారి మూతి సైలెన్సరు పక్కకు వచ్చింది, వేడికి చెయ్యి పెట్టలేము. రెండోసారి సరిపోయింది. ఇప్పుడు ఆమె తనే పంపు పెట్టి తనే తొక్కుకుంటుంది. మీటరు ముల్లు 29 దగ్గరికి రాగానే "చాలా మామా?" అని ఇంట్లోకి వినపడేటట్లు అరుస్తుంది. చాలు అని తెలుసు ఆమెకు. ఊరికే అరుస్తుంది.

నా పాత బండి మాత్రం ట్యూబు బండే, కమ్మీల చక్రాలు. దానికి వంకర వాల్వు లేదు. ఆ రోజు చిన్నోణ్ణి పడేసిన వంకర ముక్క నా జోబులోనే ఉంది. గాలి పట్టించేటప్పుడు బిగిస్తాను, పట్టించినాక తీస్తాను, తీసినానా లేదా అని ఇంటి దగ్గర ఇంకోసారి జోబు తడుముకుంటాను. ఆదివారం పొద్దున తొమ్మిది గంటల దాకా నేను భాయ్ షాపు ముందర బల్ల మీదనే ఉంటాను. మన మిల్లు కుటుంబాల పిల్లోళ్ళు ఎవరైనా బెజ్జం కొలిపించుకోవాలన్నా, వాల్వు మొదట్లో చీలిక ఉందేమో చూపించుకోవాలన్నా రావొచ్చు. సబ్బు నీళ్ళ డబ్బా పక్కనే ఉంటుంది.